నలభై మంది కిరాయి దండుకి పని వెతకడం: ఒక క్యాంపెయిన్ కేస్ స్టడీ

టేబుల్ దగ్గర కూర్చుని పాత్రలు పోషిస్తూ పాచికలతో ఆడే ఫాంటసీ ఆటలో, అంటే చాలా సెషన్లు నడిచే క్యాంపెయిన్‌లో, ప్లేయర్లు "మేము సాహసికులం కాదు, కిరాయి సైనికులం" అని తేల్చుకున్న రోజు నుంచి జీఎం (గేమ్ మాస్టర్, కథ నడిపే మనిషి) మీద పడే ప్రశ్న ఒకటే, వీళ్ళకి పని ఎవరిస్తారు? సాహసికులకైతే పని ఇవ్వడం చాలా తేలిక, సత్రంలో ఒక ముసలాయన వచ్చి పక్క కొండలో గుహ ఉందని చెప్తే చాలు, సెషన్ నడిచిపోతుంది. దండుకి అలా కుదరదు. దండుకి రోజూ ఖర్చు ఉంటుంది, పని ఉన్నా లేకపోయినా ఉంటుంది, వాళ్ళని చూసి ఊళ్ళు తలుపులు మూసేస్తాయి, పైగా పని ఇచ్చేవాడికి కూడా వీళ్ళంటే లోపల భయమే. ఇవన్నీ ఆటలోకి తీసుకురావడానికి మా టేబుల్ దగ్గర ఏం చేశామో, ఏ పనులు దొరికాయో, ఏ ఒప్పందం ఎక్కడ తెగిందో వివరంగా రాస్తున్నా, ఇలాంటి క్యాంపెయిన్ నడపాలనుకునే జీఎంలకి పనికొస్తుందని.

ముందు పరిస్థితి. ఐదుగురు ప్లేయర్లు, డి అండ్ డి (డంజన్స్ అండ్ డ్రాగన్స్) ఐదో ఎడిషన్, 2014 రూల్స్, క్యారెక్టర్లు ఐదో లెవెల్. రెండు రాజ్యాల మధ్య ఏళ్ళ తరబడి నడిచిన యుద్ధం సంధితో ఆగిపోయింది, రాజు గారి మనిషి వచ్చి దండుని రద్దు చేశాం ఇక మీ దారి మీరు చూసుకోండి అని చెప్పి వెళ్ళిపోయాడు. పార్టీ చేతిలో మిగిలింది 40 మంది సైనికులు, 12 గుర్రాలు, పెట్టెలో 5,000 గోల్డ్. ఫైటర్ (యోధుడు) కెప్టెన్, బార్డ్ (పాటగాడు) మాటలు మాట్లాడే మనిషి, క్లెరిక్ (దేవుడి శక్తితో మంత్రాలు వేసే పూజారి), విజార్డ్ (మంత్రగాడు), ఇంకా రేంజర్ (అడవి దారులు తెలిసిన వేటగాడు). చుట్టూ ఒక నదీ లోయ, అందులో వంతెన మీద సుంకం వసూలు చేసుకునే పట్నం, మరుగుజ్జుల గని, కొండ మీద గుడి, భర్త పోయిన ఒక దొరసాని కోట, కనుమ అవతల శవాలతో సైన్యం నడిపే ఒక మంత్రగాడు.

లెక్క వేస్తే కానీ ఈ ఆట మొదలవదు

రూల్స్ ప్రకారం నైపుణ్యం ఉన్న కిరాయి మనిషికి రోజుకి 2 గోల్డ్, కిరాయి సైనికులు కూడా ఇందులోకే వస్తారు. అంటే 40 మందికి రోజుకి 80, నెలకి 2,400. మార్చ్‌లో ఉన్నప్పుడు తిండి కంపెనీయే పెట్టాలని మా టేబుల్ రూల్, ఒక రోజు రేషన్ 5 వెండి (10 వెండి ఒక గోల్డ్), అంటే 40 మందికి రోజుకి 20 గోల్డ్, నెలకి 600. గుర్రం మేత రోజుకి 5 రాగి (100 రాగి ఒక గోల్డ్), 12 గుర్రాలకి నెలకి 18 గోల్డ్. మొత్తం నెలకి 3,018. పెట్టెలో ఉన్న 5,000 యాభై రోజులు కూడా రాదు. ఒక గుర్రం చనిపోతే ఇంకో 75 గోల్డ్, యుద్ధ గుర్రం అయితే 400.

ఈ లెక్కని ఒక కాగితం మీద రాసి టేబుల్ మధ్యలో పెట్టా, రోజు గడిచినప్పుడల్లా బార్డ్ ఆడే ప్లేయర్ ఆ రోజు ఖర్చు, సుమారు 100 గోల్డ్, కొట్టేస్తూ ఉండాలి. అంతే, నేను ఇంకేం చెప్పలేదు. అప్పటిదాకా "తర్వాత క్వెస్ట్ ఏంటి" అని నా వైపు చూసే వాళ్ళు మ్యాప్ వైపు చూడటం మొదలుపెట్టారు, ఎందుకంటే నోటీస్ బోర్డ్ మీద ఉన్న "గోబ్లిన్లని తరిమితే 50 గోల్డ్" అనేది దండుకి సగం రోజు ఖర్చు అని వాళ్ళకే అర్థమైపోయింది. ఖర్చులు చిన్నగా చేసి చూపిస్తే ఆట సాఫీగా పోతుందని చాలామంది జీఎంలు అనుకుంటారు, నా అభిప్రాయం దీనికి పూర్తిగా రివర్స్. ఈ క్యాంపెయిన్‌లో విలన్ కంటే ముందు ప్లేయర్లని కదిలించేది జీతాల రోజు, దాన్ని దాచకూడదు.

ఇంకో సంగతి, యుద్ధం జరుగుతున్నప్పుడు కాకుండా సంధి అయిపోయిన మర్నాడు క్యాంపెయిన్ మొదలుపెట్టడం కావాలని చేసిందే. కిరాయి దండుకి శాంతిని మించిన చెడ్డ వార్త లేదు, చరిత్ర నిండా ఇదే కథ. 1360లో ఇంగ్లండ్, ఫ్రాన్స్ మధ్య బ్రెతిన్యీ సంధి జరిగింది, వేల మంది సైనికులకి ఒక్కసారిగా జీతం ఆగిపోయింది. వాళ్ళు ఇళ్ళకి పోలేదు, గుంపులు కట్టారు, ఆ ఏడాది డిసెంబర్ చివర్లో రోన్ నది మీద ఉన్న పోన్ సాంతెస్ప్రీ అనే ఊరు పట్టేసుకుని అవిన్యోన్‌లో ఉన్న పోప్‌కి దారి మూసేశారు, చివరికి పోప్ డబ్బిచ్చి వాళ్ళలో చాలామందిని ఇటలీ యుద్ధాలకి పంపించుకోవాల్సి వచ్చింది. పంపకుండా మిగిలిన గుంపులు 1362లో బ్రిన్యే దగ్గర ఏకంగా ఫ్రెంచ్ రాజు సైన్యాన్నే ఓడించాయి. అంటే పని పోయిన దండుకి మొదట డబ్బిచ్చేది ఎవరు? వీళ్ళని చూసి భయపడేవాడే. మా క్యాంపెయిన్‌లో కూడా మొదటి ఆఫర్ అలాగే వచ్చింది, వంతెన పట్నం వాళ్ళు 300 గోల్డ్ పట్టుకొచ్చి మా ఊరి పొలాల్లో గుడారాలు వెయ్యకండి, దయచేసి ఇంకో పది మైళ్ళు ముందుకి పోండి అని అడిగారు.

ప్లేయర్లు దీన్ని అవమానంగా తీసుకున్నారు, కానీ ఇది కూడా పనే అని నేను గట్టిగా నమ్ముతా. 1375లో జాన్ హాక్‌వుడ్ అనే ఇంగ్లీష్ కెప్టెన్ తన దండుతో ఇటలీలోని టస్కనీ వైపు వస్తుంటే ఫ్లోరెన్స్ నగరం తమ మీదకి రాకుండా ఉండటానికి 1,30,000 ఫ్లోరిన్లు ఇచ్చింది, పీసా, సియెనా లాంటి ఊళ్ళు కూడా విడివిడిగా కట్టాయి. తర్వాత అదే ఫ్లోరెన్స్ ఆయన్నే తన సైన్యాధిపతిగా పెట్టుకుంది, 1394లో చనిపోతే నగర ఖర్చుతో ఘనంగా అంత్యక్రియలు చేసింది. భయపడి డబ్బిచ్చిన ఊరే తర్వాత కస్టమర్ అవుతుంది. మా కెప్టెన్ 300 తీసుకోకుండా "రేపు మీ కౌన్సిల్‌తో మాట్లాడాలి" అన్నాడు చూడండి, నిజానికి క్యాంపెయిన్ అక్కడ మొదలైంది.

పని ఎక్కడ పుడుతుంది

లోయలో ఉన్న ప్రతి చోటుకీ నేను మూడు ప్రశ్నలకి జవాబు రాసి పెట్టుకున్నా. డబ్బు ఎవరి దగ్గర ఉంది, వాళ్ళకి దేనంటే భయం, ఆ భయానికి సొంత మనుషుల్ని ఎందుకు వాడుకోలేరు. మూడోదే అసలు ప్రశ్న. మొదటి రెండూ ఉంటే వాళ్ళు సొంత సైన్యం పెట్టుకుంటారు, కిరాయి మనుషులతో వాళ్ళకి పనేముంది? మూడోదానికి జవాబు బలంగా ఉంటే పని దానంతట అదే వస్తుంది, నేను క్వెస్ట్ తయారు చెయ్యక్కర్లేదు.

వంతెన పట్నానికి సుంకం డబ్బు బోలెడు, భయం కనుమ అవతలి మంత్రగాడు, కానీ కౌన్సిల్‌లో ఏడు కుటుంబాలు, ఏ ఒక్కరి చేతిలో సైన్యం పెట్టినా మిగతా ఆరుగురికీ నిద్ర పట్టదు. కాబట్టి ఊరితో సంబంధం లేని బయటివాడు కావాలి. ఇటలీ నగరాలు సరిగ్గా ఇదే కారణానికి పొదెస్తా అనే ముఖ్య అధికారిని బయటి ఊరి నుంచి, కొద్ది కాలానికి మాత్రమే తెచ్చుకునేవి. కాన్‌స్టాంటినోపుల్ చక్రవర్తులు ఉత్తరాది నుంచి వచ్చిన వరాంగియన్లని అంగరక్షకులుగా పెట్టుకున్నదీ ఇందుకే, వాళ్ళకి రాజధాని కుట్రల్లో చుట్టాలు లేరు. బయటివాడు అవ్వడమే ఇక్కడ అర్హత, దీన్ని ప్లేయర్లకి అర్థమయ్యేలా చేస్తే వాళ్ళు తమని తాము అమ్ముకునే తీరే మారిపోతుంది.

మరుగుజ్జులకి బంగారం ఉంది, సొరంగంలో వాళ్ళని ఎవ్వరూ కదిలించలేరు, కానీ సరుకు బండ్లు గని నుంచి వంతెన దాకా మూడు రోజులు బయటి రోడ్డు మీద వెళ్ళాలి, గుర్రం ఎక్కే మనుషులు వాళ్ళలో లేరు. గుడికి కానుకల డబ్బు వస్తుంది, ఏడాదికోసారి యాత్రికుల గుంపు కొండ దిగుతుంది, కానీ పూజారులకి రక్తం చిందించకూడదన్న వ్రతం. దొరసానికి కాపలా వాళ్ళు ఉన్నారు కానీ వాళ్ళ జీతం ఆవిడ మరిది చేతిలో ఉంది, అంటే కోటలో తలుపు దగ్గర నిలబడ్డవాడే ఆవిడకి మొదటి ప్రమాదం. ఈ దొరసాని పని మా వాళ్ళు ఇంతవరకు ముట్టుకోలేదు, అయినా కాగితం మీద అలాగే బతికి ఉంది, మరిది ఓపిక నెల నెలా తగ్గుతూ ఉంటుంది.

అడవిలో ఉండే, వందల ఏళ్ళు బతికే ఎల్ఫ్‌ల దగ్గర నాణేలు లేవు. వాళ్ళు ఇస్తామన్నది కలప కొట్టుకునే హక్కు, అది కూడా వాళ్ళ లెక్కలో "కొద్ది కాలం", అంటే మనుషుల లెక్కలో నూరేళ్ళు. దండుకి ఈ నెల జీతం కావాలి, నూరేళ్ళ హక్కు తీసుకుని ఏం చేసుకుంటుంది? అయితే అదే హక్కుని పట్నంలో వడ్రంగుల సంఘానికి అమ్మితే డబ్బవుతుందని రేంజర్ ప్లేయర్ కనిపెట్టింది, అది నేను ముందే అనుకున్నది కాదు, మూడు ప్రశ్నల కాగితం ఉంటే ఇలాంటివి ప్లేయర్ల నుంచే వస్తాయి.

మంత్రాలున్న లోకంలో కిరాయి మార్కెట్

చరిత్రని యథాతథంగా దించేస్తే ఫాంటసీ లోకం పని చెయ్యదు, ఎందుకంటే ఇక్కడ పోటీదారులు వేరు. కనుమ అవతలి మంత్రగాడి సైన్యానికి జీతం లేదు, రేషన్ లేదు, గుర్రం మేత లేదు. పైపైన చూస్తే బతికి ఉన్న సైనికుడిని ఎవడు పెట్టుకుంటాడు అనిపిస్తుంది. కానీ ఆ మంత్రం వివరం చదివితే జవాబు అక్కడే ఉంది, లేపిన శవం మీద అదుపు 24 గంటలే, మళ్ళీ మంత్రం వేసి పట్టు నిలుపుకోకపోతే అది మాట వినదు. అంటే ఆ మంత్రగాడికి ఒక్క రోజు జ్వరం వచ్చినా, దారిలో ఆలస్యమైనా అతని సైన్యం అతనికే ఎదురు తిరగొచ్చు, దూరంగా ఒక కోటలో నెల రోజులు కాపలా పెట్టడం అతని వల్ల కాదు. అదీగాక ఏ ఊరూ శవాలకి గేటు తీయదు. కాబట్టి దూరపు కాపలా, బండ్లకి తోడు, ఊళ్ళతో మాట్లాడటం, ఇవన్నీ బతికి ఉన్న వాళ్ళ పనులు. చివరికి ఆ మంత్రగాడే మా దండుని పిలవడానికి కారణం ఇదే.

ఫైర్‌బాల్ అనే నిప్పుల మంత్రం ఇంకో పెద్ద విషయం. 20 అడుగుల రేడియస్, 8 డి6 (ఆరు ముఖాల పాచికలు ఎనిమిది), సగటున 28 డ్యామేజ్, సేవ్ చేసినా, అంటే తప్పించుకునే రోల్ గెలిచినా, సగం అంటే 14. మామూలు కాపలా సైనికుడి హిట్ పాయింట్లు, అంటే తట్టుకోగల దెబ్బల లెక్క, సగటున 11. సేవ్ చేసినా చచ్చిపోతాడు. వరుసకట్టి నిలబడ్డ దండు మీద ఒక్కటి పడితే నెల జీతాలు మిగులుతాయి కానీ దండు మిగలదు. అందుకని మా లోకంలో ప్రతి ఒప్పందంలో ముందు అడిగే ప్రశ్న అవతల వైపు మంత్రగాళ్ళు ఉన్నారా అని, ఉంటే రేటు వేరు, ఉన్న సంగతి దాచిపెట్టి పనికి పిలిస్తే ఒప్పందం రద్దు, అడ్వాన్స్ దండుదే. దండులో సొంత విజార్డ్ ఉన్నందుకే మా వాళ్ళు మిగతా గుంపుల కంటే ఎక్కువ అడగగలిగారు. పని వార్తలు కూడా మంత్రం మీద నడుస్తాయి, సెండింగ్ అనే మంత్రంతో 25 మాటల్లో కబురు పంపొచ్చు, ఆ 25 మాటల్లో ఆఫర్ రాసి చేతికిస్తే ప్లేయర్లు ఒక్కో మాటని విప్పి చూస్తారు. "అర్జెంట్, మంచి జీతం" అని రాసి ఎవరి మీద యుద్ధమో రాయకపోతే వాళ్ళకి అదే మొదటి క్లూ.

ఒప్పందం రాసుకున్న సెషన్

మొత్తం క్యాంపెయిన్‌లో టేబుల్ బాగా వేడెక్కిన సెషన్ ఇదే, ఒక్క యుద్ధం కూడా లేదు. ఇటలీలో కిరాయి కెప్టెన్లతో నగరాలు రాసుకునే ఒప్పందాన్ని కొందొత్తా అంటారు, ఆ కెప్టెన్లకి కొందొత్తియేరి అన్న పేరు దాని నుంచే వచ్చింది. అందులో రెండు కాలాలు ఉండేవి, ఫెర్మా అంటే గట్టిగా పనిలో ఉండే కాలం, ఆ తర్వాత అస్పెత్తో, అంటే యజమాని కావాలంటే పొడిగించుకునే ఎదురుచూపు కాలం. నేను ఈ చట్రాన్ని మాత్రమే ఇచ్చి మిగతాది బార్డ్‌ని, కౌన్సిల్ ఎన్పీసీలని (నేను ఆడించే పాత్రలని) వాదించుకోమన్నా.

తేలింది ఇది. 90 రోజులు పని, రోజుకి 150 గోల్డ్, మొత్తం 13,500, నెలకి 4,500 చొప్పున ముందే ఇవ్వాలి. ఆ తర్వాత 60 రోజుల ఎదురుచూపు, రోజుకి 50 గోల్డ్, ఆ 60 రోజుల్లో పట్నం మళ్ళీ పిలిస్తే వేరే పని పెట్టుకోకూడదు, పిలవకపోయినా పట్నానికి వ్యతిరేకంగా కత్తి ఎత్తకూడదు. చనిపోయిన గుర్రానికి పట్నం డబ్బు కట్టాలి, ఇది నిజం ఒప్పందాల్లోనూ ఉండేది, అందుకే పనిలో చేరేటప్పుడే ఒక్కో గుర్రం రంగు, గుర్తులు రిజిస్టర్‌లో రాసుకునేవారు, ముసలి గుర్రం చచ్చిపోతే మంచి గుర్రం పోయిందని చెప్పకుండా. మా క్లెరిక్ 12 గుర్రాలకి పేర్లు పెట్టి రాసింది, ఆ పేర్ల వల్లే తర్వాత ఒక గుర్రం పోయినప్పుడు అందరికీ బాధేసింది.

దొంగ లెక్కల విషయంలో కౌన్సిల్ గట్టిగా నిలబడింది. చనిపోయిన సైనికుల పేర్లు లిస్ట్‌లో అలాగే ఉంచి జీతం తీసుకోవడం కెప్టెన్లకి పాత అలవాటు, కాబట్టి నెలకోసారి హాజరు చూడటానికి పట్నం మనిషి వస్తాడు, అనుమానం ఉంటే శవంతో మాట్లాడే మంత్రం వేయించి ఐదు ప్రశ్నలు అడుగుతాడు. చచ్చిపోయింది ఎప్పుడు అని శవాన్నే అడిగితే కెప్టెన్ అబద్ధం ఎక్కడ నిలుస్తుంది. దీనికి బదులుగా బార్డ్ ఏమడిగాడంటే ఒప్పందం మీద సంతకం జోన్ ఆఫ్ ట్రూత్ అనే మంత్రం లోపల జరగాలని. పది నిమిషాలు, అబద్ధం చెప్పలేరు కానీ నోరు మూసుకోవచ్చు, మాట తప్పించొచ్చు. "జీతానికి సరిపడా డబ్బు ఖజానాలో ఉందా" అని అడిగితే ఏడుగురిలో ఆరుగురు ఉందన్నారు, ఏడో ఆయన "ఈ పట్నం ఎప్పుడూ అప్పు ఎగ్గొట్టలేదు" అన్నాడు. టేబుల్ దగ్గర ఆ మాట ఒక్క క్లెరిక్ ప్లేయర్ మాత్రమే రాసుకుంది.

ఎక్కువసేపు వాదన నడిచింది మాత్రం వజ్రాల గురించి. చనిపోయిన మనిషిని లేపే మంత్రానికి 500 గోల్డ్ వజ్రం కావాలి, పది రోజుల లోపు జరగాలి. ఆ వజ్రం ఎవరు కొనాలి, ఎవరి కోసం కొనాలి? పట్నం వాళ్ళు కెప్టెన్‌కి మాత్రం ఇస్తామన్నారు. ఒక సైనికుడి రోజు జీతం 2 గోల్డ్ అయితే ఆ వజ్రం అతని 250 రోజుల కష్టం. అధికారులనే లేపి సైనికుల్ని పూడ్చేస్తే దండులో మిగతా వాళ్ళు ఎలా చూస్తారు అని ఫైటర్ ప్లేయర్ పట్టుబట్టాడు, చివరికి పార్టీ తమ వాటా వజ్రం వదులుకుని చనిపోయిన ప్రతి సైనికుడి ఇంటికి 60 గోల్డ్, అంటే నెల జీతం, పట్నం ఇవ్వాలని రాయించుకుంది. ఇది రూల్‌బుక్‌లో ఎక్కడా లేదు, ఈ ఒక్క క్లాజ్ వల్ల ఎన్పీసీ సైనికులు ఆ తర్వాత దండుని వదిలిపోలేదు, సైనికుల ధైర్యం నిలుస్తుందో లేదో చూసే మొరాల్ రోల్ అడిగినప్పుడల్లా నేను దీన్ని లెక్కలోకి తీసుకున్నా.

డబ్బు ఆగినప్పుడు

మొదటి నెల ముందస్తు వచ్చింది, రెండో నెల వచ్చింది, మూడో నెల రాలేదు. ఇది నేను ముందే వేసుకున్న ప్లాన్, ఎందుకంటే కిరాయి దండుల చరిత్రలో పెద్ద మలుపులన్నీ శత్రువు వల్ల కంటే జీతం ఆగడం వల్ల వచ్చినవే ఎక్కువ. క్రీ.పూ. 241లో రోమ్‌తో మొదటి యుద్ధం ముగిశాక ఉత్తర ఆఫ్రికాలోని కార్తేజ్ నగరం తన కిరాయి సైనికుల బాకీ తగ్గించుకోవాలని చూసి మూడేళ్ళ పైగా వాళ్ళతోనే యుద్ధం చెయ్యాల్సి వచ్చింది. 1527 మే 6న రోమ్ నగరాన్ని దోచింది ఐదో చార్లెస్ చక్రవర్తి తరఫున పోరాడి జీతం అందని సైన్యమే. నాకు ఎప్పుడూ గుర్తొచ్చేది మాత్రం కాటలాన్ కంపెనీ అనే కిరాయి దండు. 1303లో బైజాంటియం చక్రవర్తి పిలిస్తే వచ్చారు, 1305లో వాళ్ళ నాయకుడు రోజర్ ద ఫ్లోర్‌ని విందుకి పిలిచి చంపేశారు, వాళ్ళు థ్రేస్ మొత్తం తగలబెట్టారు, తర్వాత ఏథెన్స్ డ్యూక్ పనిలో పెట్టుకుని గెలిచాక బాకీ తీర్చకుండా కొందర్ని ఉంచుకుని మిగతా వాళ్ళని పొమ్మన్నాడు, 1311 మార్చిలో జరిగిన యుద్ధంలో ఆ డ్యూక్‌నే చంపి ఏథెన్స్‌ని తామే ఏలుకున్నారు. ఒక్క బాకీ దండుని రాజ్యంగా మార్చేసింది.

మా టేబుల్ మీద పట్నం 4,500 బదులు వంతెన సుంకం రెండు నెలలు మీరే వసూలు చేసుకోండి అంది. ప్లేయర్లు ఒప్పుకున్నారు, నాకూ ఆసక్తిగా అనిపించింది, ఎందుకంటే యజమాని తన వసూలు పనిని దండు నెత్తిన పెట్టిన క్షణం నుంచి జనం కోపం కూడా దండు మీదకి మారిపోతుంది. రెండు వారాల్లో మరుగుజ్జుల బండ్లు పైన రేవు వెతుక్కున్నాయి, సుంకం పడిపోయింది, వర్తకులు దండుని దొంగలు అనడం మొదలుపెట్టారు, అసలు బాకీ పెట్టింది కౌన్సిల్ అన్నది అందరూ మర్చిపోయారు. సరిగ్గా అప్పుడు కనుమ అవతల నుంచి 25 మాటల కబురు, మీ బాకీ నేను కడతా, రోజుకి 300, వంతెన తలుపు తీసి పెట్టండి.

రెండున్నర గంటలు చర్చ. పట్నం మాట తప్పింది కాబట్టి ఒప్పందం పోయినట్టే అని విజార్డ్, 60 రోజులు కత్తి ఎత్తం అని మనం సంతకం చేశాం అని క్లెరిక్. కెప్టెన్ భయం ఇంకోటి, రెండు వైపులా మాట్లాడే కెప్టెన్ గతి ఏమవుతుందో చరిత్రలో ఉంది, వెనిస్ తన సొంత సైన్యాధిపతి కార్మన్యోలాని అనుమానించి సంప్రదింపులకని పిలిచి 1432లో తల నరికించింది. ఒక ఊరిని అమ్మిన దండుకి తర్వాతి ఊరు గేటు తీస్తుందా అన్న ప్రశ్న దగ్గర చర్చ ఆగింది. చివరికి వాళ్ళు మంత్రగాడికి కాదన్నారు, పట్నానికి 15 రోజుల నోటీస్ ఇచ్చి వెళ్ళిపోయి గుడి యాత్రికుల పని పట్టుకున్నారు. 20 రోజుల పని, రోజుకి 110 గోల్డ్, అంటే ఖర్చులు పోను మిగిలేది పెద్దగా ఏమీ లేదు, కానీ గాయపడ్డ వాళ్ళకి గుడిలో ఉచితంగా వైద్యం.

దండు వెళ్ళిన వారానికి నది అవతల గట్టు మీద శవాలు కనిపించాయి. అప్పుడు కౌన్సిల్ ఖజానా తెరిస్తే సంతకం రోజు మాట తప్పించిన ఆ ఏడో పెద్దమనిషి సుంకం డబ్బు తన వ్యాపారంలో తిప్పుతున్నాడని బయటపడింది. క్లెరిక్ ప్లేయర్ తన నోట్‌బుక్ తీసి ఆ రోజు రాసుకున్న వాక్యం చదివి వినిపించింది. పట్నం మనిషి 4,500 మూటతో గుడి మెట్ల దగ్గరికి వచ్చాడు, ఈసారి రేటు 200, సుంకం లాంటి బదులు ఇవ్వడాలు లేవని రాతపూర్వకంగా.

యజమాని చనిపోతే ఏంటి అన్న ప్రశ్న ఇంకా మా టేబుల్ మీదకి రాలేదు, వస్తుంది. క్రీ.పూ. 401లో పర్షియా యువరాజు సైరస్ రాజుగా ఉన్న తన అన్న మీద యుద్ధానికి పదివేల మంది గ్రీకుల్ని పెట్టుకున్నాడు, నెలకి ఒక దరిక్ నాణెం జీతం, దారిలో మొరాయిస్తే ఒకటిన్నర చేశాడు, కునాక్సా దగ్గర అతనే చచ్చిపోయాడు, దండు శత్రుదేశం నడిమధ్యలో జీతం ఇచ్చేవాడు లేకుండా నిలబడింది. దొరసాని కాగితం మీద నేను రాసుకున్నది ఇదే.

చలికాలం గురించి క్లుప్తంగా చెప్తా. మంచు పడితే యుద్ధాలు ఉండవు, ఖర్చు ఉంటుంది. కోట కాపలా, ఊరి కుర్రాళ్ళకి బల్లెం పట్టడం నేర్పించడం, గిడ్డంగుల దగ్గర రాత్రి పహారా, ఇవి సగం జీతం పనులు, డౌన్‌టైమ్‌లో (సాహసాల మధ్య ఖాళీ కాలంలో) ఒక్కో క్యారెక్టర్‌కి ఒకటి ఇచ్చి ఒక రోల్‌తో ముగించేస్తాం. ఇక్కడ సైనికుల మధ్య జీతం తేడాలు కూడా పెట్టాం, జర్మన్ లాండ్స్‌క్నెఖ్ట్ దండుల్లో మామూలు సైనికుడికి నెలకి 4 గిల్డర్లు అయితే ముందు వరుసలో ప్రమాదం మోసే వాడికి 8, అందుకే వాళ్ళని రెట్టింపు జీతగాళ్ళు అనేవారు. మా దండులో ఎనిమిది మంది ముందు వరుస వాళ్ళకి ఇప్పుడు రోజుకి 4 గోల్డ్, నెలకి 480 అదనపు ఖర్చు, బార్డ్ కాగితం మీద కొట్టేసే అంకె పెరిగింది.

మీ టేబుల్‌లో ఇంత పెద్ద దండు లేకపోతే కూడా ఇదంతా పనికొస్తుంది. నలుగురు క్యారెక్టర్లు, నలుగురు కిరాయి మనుషులు ఉన్నా రోజుకి 8 గోల్డ్ జీతం, ఆ సైజ్‌కి తగ్గ యజమానులు ఉంటారు, ఒక వర్తకుడు, ఒక మిల్లు యజమాని, పొలం గట్టు తగాదాలో ఉన్న ఇద్దరు అన్నదమ్ములు. మూడు ప్రశ్నలు అవే. సొంత మనుషుల్ని ఎందుకు పెట్టుకోలేడు అన్నదానికి జవాబు దొరకని యజమానిని మ్యాప్ మీద నుంచి తీసెయ్యండి, అతని పని ఎంత బాగా రాసినా ప్లేయర్లకి అది మళ్ళీ నోటీస్ బోర్డ్‌లాగే కనిపిస్తుంది. రేటు కోసం మేము వాడేది సింపుల్ లెక్క, దండు రోజు ఖర్చుకి ఒకటిన్నర రెట్లు మామూలు పని, అవతల మంత్రగాడు ఉంటే రెండు రెట్లు, ముట్టడి అయితే మూడు, గుడి లాంటి చోట్ల ఖర్చుకి కొంచెం పైన. అడ్వాన్స్ ఒక నెల, అది చేతికి వచ్చాకే గుడారాలు ఎత్తడం.